పదకొండో ప్రశ్న

అలబామాలో జులై. ఎనిమిదింటికే రోడ్డు తారు మెత్తబడింది.
ఆవరణలో నిలబెట్టిన పాత రాకెట్ నీడ
పార్కింగు దాటి, గడ్డి దాటి
నా బల్ల అంచు దాకా వచ్చి ఆగుతుంది.
తొమ్మిదిన్నరకి వెనక్కి పోతుంది. ఈలోగా
నేను ముప్ఫై ఆరు కాగితాలు చదవాలి.

చెవుల్లో గొట్టాలు పెట్టారా? ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా?
గుండెకి ఆపరేషన్? మొన్నటి నుంచీ జలుబు?
లేదు, లేదు, లేదు అని
పిల్లలు మెట్లు దిగినట్టు గీసుకుంటూ పోతారు.
అంతరిక్షానికి మా దగ్గర రిహార్సలు నీళ్ళలోనే మరి.
ఇరవై నాలుగడుగుల తొట్టి, అడుగున ఇనుప చట్రం,
దానికి నాలుగు బోల్టులు బిగించొచ్చిన ప్రతివాడూ
శుక్రవారం ఇంటికెళ్ళి
బరువు లేకుండా తిరిగానని చెప్పుకుంటాడు.

విన్‌స్లో ప్రూయిట్. పదమూడేళ్ళు. మిసిసిపీ.
వీడి పదకొండో ప్రశ్న దగ్గర కాగితం పల్చబడింది.
"అవును" మీద రబ్బరు ఎంతసేపు రుద్దాడో,
వెలుతురుకి పెడితే అక్కడొక్కచోటే తెల్లవారినట్టుంది.
పక్కన "లేదు". పెన్నుతో. గట్టిగా.

ఆ ప్రశ్న ఉబ్బసం గురించి.

పిలిచాను. వచ్చాడు, మోచేతి మీద దోమకాటు గోక్కుంటూ.
నీలం సూటు, జిప్పు గడ్డం దాకా,
గుండె మీద ఇంట్లో కుట్టిన పేరు, ఒక అక్షరం వంకర.
నేను చదువుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాడు.

"అదిగో," అన్నాను, "నీళ్ళలో చెయ్యకూడనిది అదే."

తర్వాత ఏటా చెప్పేదే చెప్పాను.
అడుగున పీల్చిన గాలి పైకొస్తూ ఉబ్బుతుందని,
దారి ఉంటే దారిన పోతుందని,
ఊపిరితిత్తిలో ఏ మూలో ఒక సందు ముడుచుకుపోతే
అక్కడ చిక్కిన గుక్కెడు గాలి
తలుపు తట్టదని, గోడే పగలగొడుతుందని.
బెలూను సంగతి ఎత్తబోతుంటే
"తెలుసు మేడమ్. అంతా చదివాను," అన్నాడు.
"చదివీ రుద్దేశావా?"
"చదివాకే రుద్దేశాను."

గొట్టం చేతికిచ్చి ఊదమన్నాను.
మూడుసార్లు ఊదాడు, మూడోసారి కళ్ళు మూసుకుని.
ముల్లు లేవాల్సినంత లేవలేదు.
ఈ వారం ఫీజు కోసం రెండు వేసవులు
మామయ్య క్యాట్‌ఫిష్ చెరువుల దగ్గర మేత బస్తాలు విప్పాడట.
ఆ మేత దుమ్ముకే దగ్గు ముదిరిందట.
ఫిర్యాదులా కాదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.
డాక్టరుకి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్క ముక్కే అంది.
ముద్ర వేశాను: ఒడ్డునే.

మధ్యాహ్నం తొట్టి దగ్గరికెళ్ళాను. నాకు అక్కడ పనేం లేదు.
వీడికి హెడ్‌ఫోను తగిలించి, గడియారం ఇచ్చి
కిటికీ ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు.
లోపల నలుగురూ నెమ్మదిగా కాళ్ళాడిస్తున్నారు.
"ఓడెట్ నిమిషానికి ఇరవై రెండుసార్లు పీలుస్తోంది.
ఎక్కువ. భయపడుతోంది."
శిక్షకుడు ఒకసారి తొంగి చూసి
మొదటిసారి అందరికీ అంతేలే అన్నాడు. అంతే కూడా.
కాసేపటికి ఆ పిల్ల బోల్టు బిగించి బొటనవేలు ఊపింది.
వీడు మాత్రం లెక్క ఆపలేదు.

"చూడండి, అడుగున బఠాణీ గింజంత," అన్నాడు నా వైపు తిరక్కుండా,
"పైకొచ్చేసరికి అప్పచ్చంత. మీరు చెప్పింది ఇదేగా."
ఇదేనన్నాను.
ఒక్కో బుడగా పైన పగిలినప్పుడల్లా
వీడి భుజం కొంచెం అదిరింది.
లేదా నాకలా అనిపించింది, నీటి వెలుతుర్లో.

సాయంత్రం ఫైలు మూసేముందు
"లేదు" కొట్టేసి,
ఆ పల్చటి చోట పెన్సిలుతో
"అవును" అని మళ్ళీ రాయబోయాను.
మెల్లగానే రాశాను. అయినా
ములికి అవతలికి దిగబడింది.